మడు మాత సన్నిధిలో

శ్రీలంకకు ఉత్తరాన మన్నారు జిల్లా ఉన్నది. ఆ జిల్లా అడవుల నడుమ మడు అనే కథోలిక పుణ్యస్థలం కలదు. తమిళంలో మడు అంటే లోతైన నీటిగుంట. మన మడుగు అన్న మాటకు తోబుట్టువే. 2018 ఆగస్టులో ఆఫీసుకు సెలవు పెట్టి మేము దంపతులం అక్కడికి వెళ్ళి వచ్చాము.

కొలంబోలో రైలెక్కి మడు రోడ్డు స్టేషనులో దిగాము. మద్రాసులో బోటుమెయిలు ఎక్కి, ధనుష్కోటిలో ఓడ మారి తలైమన్నారు చేరిన మన పెద్దలకు ఈ దారి తెలిసినదే. 1964 తుఫానులో ధనుష్కోటి పోయింది. 1990లో యుద్ధం వల్ల ఇటు రైలు నిలిచిపోయి, మడు రోడ్డు దాకా తిరిగి 2013లో వచ్చింది.

ఆ గుడి పుట్టుకే శరణార్థుల కథ. 1670 ప్రాంతంలో డచ్చివారు కథోలికులను బాధించగా, మాంతై గ్రామం నుండి ఇరవై కుటుంబాలు తమ మరియమాత ప్రతిమను ఎత్తుకొని ఈ అడవిలో తలదాచుకున్నాయని అక్కడివారు చెప్పుకుంటారు.

మూడు వందల ఏండ్ల తరువాత మళ్ళీ అదే పని పడింది. 1983లో మొదలైన యుద్ధం 2009 మే నెల దాకా సాగింది. 1990లో ఊళ్ళు విడిచిన వేలాది జనం ఈ గుడి ఆవరణకే చేరారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇక్కడ సహాయకేంద్రం తెరిచింది. పూజలు జరిగే చోటనే పొయ్యిలు వెలిగాయి, ఉయ్యాలలు కట్టారు.

1999 నవంబరులో ఆ ఆవరణలోనే ఫిరంగి గుండ్లు పడి సుమారు 40 మంది చనిపోయారు. సైన్యమూ పులులూ ఒకరినొకరు నిందించుకున్నారు. 2008 ఏప్రిలులో పోరు మరీ దగ్గరకు రాగా, గురువులు ప్రతిమను సముద్రతీరాన ఉన్న తేవన్‌పిట్టికి తరలించారు. జనం వలెనే మాత కూడా ఇల్లు విడిచింది. ఆ ఆగస్టులోనే తిరిగి గుడికి వచ్చింది.

మేము వెళ్ళినది ఆగస్టు 15 పండుగకు. చెట్ల కింద గుడారాలు, కట్టెల పొగ, పిల్లల ఏడుపులు. ఒక గుడారంలో జపమాల తమిళంలో సాగుతున్నది, పక్క గుడారంలో సింహళంలో. మా ఆవిడ ఒక ముసలమ్మను తమిళంలో అడిగింది: "గుడిలో ఉన్నవాళ్ళను కూడా మాత కాపాడలేదేమమ్మా?"

ఆమె కోపగించుకోలేదు. "మేమూ అదే అడిగామమ్మా. ఆమె ముందే కూర్చుని అడిగాము" అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలాసేపు వదలలేదు. ప్రార్థన గుండును ఆపలేదు, నిజమే. కాని ఏడ్చేవారికి ఏడ్వడానికి ఒక చోటు మిగిల్చింది. 2015 జనవరి 14న పోపు ఫ్రాన్సిస్ ఇక్కడికి వచ్చినప్పుడు, యుద్ధంలో నష్టపడిన తమిళ, సింహళ కుటుంబాలు ఒకే ఆవరణలో ఆయనతో కలిసి ప్రార్థించాయి. పోయిన బిడ్డ తల్లికి ఏ భాషలోనైనా బిడ్డే కదా!

ఇంట తెలుగు, వీథిలో తమిళం మాట్లాడుకునే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగు భాష చెవికి ఇంపుగా ఉన్నంతకాలం ఊరు చల్లగా ఉంటుంది. అది పగకు గుర్తయిన నాడు ఏమవుతుందో మడు అడవిలో చెట్టు చెట్టూ చెప్తుంది.

వెళ్ళదలచిన సభ్యులకు ఒక మాట. పండుగనాళ్ళలో రద్దీ మెండు. దుప్పటి, మంచినీళ్ళు వెంట ఉంచుకోవాలి. అక్కడి మట్టి పాముకాటు నుండి కాపాడుతుందని నమ్మి యాత్రికులు చిటికెడు మూట కట్టుకుంటారు. తమిళులూ తీసుకుంటారు, సింహళీయులూ తీసుకుంటారు. మట్టి మాత్రం ఒక్కటే.