ఒకే ద్రాక్షతో వింటేజ్ పోర్ట్

పోర్ట్ వైన్ అనగానే మన కుర్రాళ్లకి గోవా గుర్తొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు బ్యాగులో రెండు సీసాలు, రూమ్‌లో తలో గ్లాసు, దగ్గు మందులా తియ్యగా. అసలు పోర్ట్‌తో దానికి చుట్టరికం పేరు వరకే. యూరప్ చట్టం ప్రకారం పోర్ట్ అనాలంటే ద్రాక్ష పోర్చుగల్‌లోని డౌరో నది లోయలో పండాల్సిందే. ఆ లోయకి హద్దులు గీయడం 1756లోనే మొదలైంది.

ఆఫీసు పని మీద మూడు వారాలు పోర్టోలో ఉన్నాను. ఒక శనివారం అక్కడి టీమ్‌మేట్‌తో కలిసి సావో బెంటో స్టేషన్లో రైలెక్కి పిన్యావ్ వెళ్లాను. సుమారు రెండున్నర గంటలు. మీరెప్పుడైనా వెళ్తే కుడివైపు కిటికీ పట్టుకోండి. కొంత దూరం పోయాక నది రైలు పక్కనే వస్తుంది. కొండలన్నీ మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలే. మట్టి అని చెప్పుకోదగ్గది తక్కువ, అంతా పలకలు పలకలుగా విడిపోయే రాయి. ఆ పలకల సందుల్లోంచే వేళ్లు నీళ్ల కోసం లోతుకి దిగుతాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుందని మావాడు గొప్పగా చెప్పాడు. ఒంగోలు వాడికి ఎండ గురించి చెప్తున్నావా అన్నాను.

మేం వెళ్లింది టీమ్‌మేట్‌కి తెలిసిన ఒక చిన్న క్వింటాకి. క్వింటా అంటే తోట, ఇల్లు, వైన్ తయారీ అన్నీ ఒక్కచోటే ఉంటాయి. యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. ముందు గ్రానైట్ తొట్లు చూపించింది. కోత కాలంలో వాటిలో ద్రాక్ష పోసి, మనుషులు దిగి కాళ్లతో తొక్కుతారు. రసం పులుస్తూ చక్కెర సగం కరిగేసరికి అందులో 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారా పోస్తారు. పులియడం అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన చక్కెర తీపిగా ఉండిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దగ్గర నిలుస్తుంది. పోర్ట్ కిటుకంతా ఇదే.

వింటేజ్ అంటే ఒకే ఏడాది పంట, అదీ బాగా కుదిరిన ఏడాదిది. రెండేళ్లు చెక్క పీపాల్లో ఉంచి, వడకట్టకుండా సీసాల్లో నింపేస్తారు. ఇరవై, ముప్పై ఏళ్లు అది సీసాలోనే ముదురుతుంది. ఏడాది ఒక్కటే అయినా ద్రాక్ష మాత్రం ఒక్కటి కాదు. నాలుగైదు రకాలు కలపడం ఇక్కడ ఆనవాయితీ. టింటా బరోకా తీపినిస్తుంది, టూరిగా ఫ్రాంకా వాసననిస్తుంది, ఇంకోటి ఇంకేదో. ఒక రకం ఎండకి వాడిపోతే ఇంకో రకం మోస్తుంది. మా భాషలో బ్యాకప్ సర్వర్లు. అందుకే ఒకే రకంతో వింటేజ్ చేసేవాళ్లు చాలా అరుదు.

ఈవిడ చేసింది. 1980ల్లో వాళ్ల నాన్న ఒక ముక్కలో టూరిగా నాసియోనల్ ఒక్కటే నాటాడట. అంతకుముందు అక్కడ అన్ని రకాలూ కలగలిపి నాటేవాళ్లు. టూరిగా నాసియోనల్ గింజ చిన్నది, కాపు తక్కువ. ఒక దశలో రైతులు దాన్ని వదిలేసుకునేదాకా వచ్చారు. రామోస్ పింటో కంపెనీలో జోవో నికోలావ్ ద అల్మైదా, తన మేనమామ హోసే రోసాస్‌తో కలిసి ఏ రకం ఎలా పండుతుందో విడివిడిగా పరీక్షించి, 1981లో ఐదు మేలైన రకాల్ని తేల్చాడు. అందులో ఇదొకటి. ఆ తర్వాతే దీనికి మళ్లీ గిరాకీ.

మా గ్లాసులో పోసింది 2017ది. ఆ ఏడాది వానల్లేవు, కోత ముందే వచ్చింది. రంగు చూస్తే సిరా. గ్లాసు వంచి తిప్పితే అంచున ఊదా రంగు గీత. వాసనలో వయొలెట్ పూలు తెలుస్తున్నాయా అని అడిగింది. ఆ పూలు నేనెప్పుడూ చూడలేదు. నాకు దబ్బకాయ తొక్క గిల్లితే వచ్చే వాసన తెలిసింది, దాని వెనక నేరేడు పండు. నోట్లో ముందు తీపి, పాకం పట్టిన బెల్లంలాగా. మింగేలోపే వగరు పట్టేసింది. నేరేడు తిన్నాక నాలుక గరుకుగా అవుతుంది చూడండి, అచ్చం అలా. కలిపి చేసిన పోర్ట్ కూడా పక్కన పెట్టింది. అది గుండ్రంగా, మర్యాదగా ఉంది, ఎవరికైనా నచ్చుతుంది. నా ఓటు మాత్రం ఈ మొండిదానికే. ఇంకో పదిహేనేళ్లు ఆగితే వగరు తగ్గుతుందని ఆవిడ అంది.

ఇది విడిగా ఎందుకు చేశారని అడిగాను. లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చింది. డౌరోలో ఎవరి తోటలోంచి ఎంత రసం పోర్ట్‌గా మార్చొచ్చో ఏటా కోటా కడతారు. లెక్క పీపాల్లో, పీపా అంటే 550 లీటర్లు. లోయ మొత్తానికి 2023లో 104,000 పీపాలు, 2024లో 90,000, 2025లో 75,000. పోర్ట్ తాగేవాళ్లు తగ్గుతున్నారు, కోటా తగ్గుతోంది. మిగిలిన ద్రాక్ష మామూలు వైన్‌కి వెళ్లాలి, దానికి వచ్చే రేటు చాలా తక్కువ. పెద్ద కంపెనీలకి ద్రాక్ష అమ్ముకుని బతికే చిన్న రైతుకి ఇది గట్టి దెబ్బ. ఉన్న కొద్ది కోటాతో ఎవరి దగ్గరా లేనిదేదో చెయ్యాలనుకుంది, అంతే.

ఆ కాగితం చూస్తుంటే నాకు మా ఇంట్లో గోడకి వేలాడే పొగాకు పాస్‌బుక్ కనబడింది. మాది కొండపి దగ్గర. మాకూ అంతే, ఏడాదికి ఇంత పండించాలని పైనుంచి లెక్క వస్తుంది. బేళ్లు వేలానికి తీసుకెళ్తే కొన్నిసార్లు నోబిడ్. ఆరోజు నాన్న ఇంటికొచ్చి మాట్లాడడు. ఇదంతా టీమ్‌మేట్ పోర్చుగీసులోకి మార్చి చెప్పాడు. ఆవిడ నా గ్లాసులో ఇంకొంచెం పోసింది.

ఒక సీసా కొన్నాను. ఆవిడ సుద్దముక్కతో దాని ఒక పక్క తెల్లగా గీత గీసింది. పడుకోబెట్టినప్పుడు గీత పైకి ఉండాలట, మడ్డి ఎప్పుడూ ఒకే వైపు దిగడానికి.

రైల్లోంచి నాన్నకి వీడియో కాల్ చేసి తోటలు చూపించాను. ఆయన నదిని చూళ్లేదు, మెట్లని చూళ్లేదు.

"కోటా మించి పండితే జరిమానా ఉందంట్రా వాళ్లకి?" అన్నాడు.

మిగిలింది తక్కువ రేటుకి పోతుందని చెప్పాను.

"ఎంత తక్కువ?"