నడుం నొప్పి గోళీ నా కిడ్నీల మీదికి తెచ్చింది

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

పోయిన ఎండాకాలం మక్కజొన్న కోతలప్పుడు నాకు నడుం పట్టేసింది. మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాక్ గోళీలు ఇచ్చిండు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మింగిన కాసేపటికి సలుపు తగ్గేది, మళ్లీ పనిలోకి దిగేవాణ్ణి. అట్లా నెలన్నర. చెమట కారుడే తప్ప నీళ్లు సరిగ్గా తాగింది లేదు. ఒకరోజు కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు, మూత్రం కూడా తగ్గింది. జిల్లా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 2.4.

డాక్టరమ్మ మొదటి మాటే "నొప్పి గోళీలు ఏమన్నా వాడుతున్నారా?" అని.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. దెబ్బ తగిలిన చోట, వాచిన చోట మన ఒళ్లే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేస్తది. వాపు, సలుపు వాటివల్లనే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఆ తయారీని ఆపుతయి. కానీ గోళీకి మన నడుం ఎక్కడుందో తెల్వదు కదా, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతది. కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేదీ ఆ పదార్థాలే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగ్గా అందేలా చూసేదీ అవే. పంటనీ గడ్డినీ ఒక్కతీరుగా మాడ్చే మందు చేనంతా కొట్టినట్టే నేను చేసిన పని.

మన పల్లెల్లో రాబందులు ఎందుకు కనబడకుండా పోయినయో తెలుసా? ఈ మందు వేసిన పశువుల కళేబరాలు తిని వాటి కిడ్నీలు చెడిపోయినయి. అందుకే 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకుండా ప్రభుత్వం ఆపింది.

పారాసిటమాల్ దారి వేరు. అది ఎక్కువగా మెదడు, వెన్నుపాములో పనిచేస్తదట. వాపు పెద్దగా తగ్గించదు, కడుపును అంతగా కొరకదు. అట్లని ఎన్నయినా మింగొద్దు, మోతాదు దాటితే కాలేయం పోతది, మందు తాగేవాళ్లకు ఇంకా ప్రమాదం. పన్ను పీకేటప్పుడు ఇచ్చే సూది ఇంకో రకం, ఆ చోట నరంలో కబురు పోకుండా ఆపుతది, ఫ్యూజు పీకినట్టు. ట్రమడాల్ లాంటివి మెదడులో నొప్పి తెలిసే కాడ పనిచేస్తయి. మత్తు, మలబద్ధకం, పైగా అలవాటు పడతరు.

బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు నొప్పి గోళీ మింగేముందు డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. నాకు గోళీలు ఆపి రెండు నెలలైనంక క్రియాటినిన్ 1.3కి దిగింది. ఇంకా పరీక్షలకు పోతనే ఉన్న. నడుం నొప్పి మాత్రం అట్లనే ఉంది, వేడినీళ్ల కాపడంతో నెట్టుకొస్తున్న.

మొన్న మా చిన్నాయన వచ్చి, మిగిలిన గోళీలుంటే ఇయ్యమన్నడు. లేవని చెప్పిన. సజ్జ మీద డబ్బా చూసిండు. రెండు రోజులైంది, నాతోని మాట్లాడుతలేడు.