తిరుగు విమానం ఎక్కేలోపు వకాల్తా

2009 జూన్ 13. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక తెలుగు మహిళ భర్తతో, ఇద్దరు కూతుళ్లతో కలిసి అన్నవరం నుంచి రాజమండ్రి వైపు కారులో వస్తున్నారు. దారిలో ఆర్టీసీ బస్సు ఆ కారును ఢీకొట్టింది. ఆమె చనిపోయారు. భర్త సికింద్రాబాద్‌లోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ట్రిబ్యునల్ సుమారు 8 కోట్ల 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. హైకోర్టు దాన్ని 5 కోట్ల 75 లక్షలకు తగ్గించింది. చివరికి 2025 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు 9 కోట్ల 64 లక్షలు చెల్లించాలని తీర్పు చెప్పింది. ప్రమాదం నాటికి చంకనెక్కే పిల్లలు తీర్పు వచ్చేసరికి కాలేజీ మెట్లెక్కేంత కాలం అది.

ఈ కేసు గురించి విన్న ప్రవాసులు చాలామంది తొమ్మిది కోట్ల దగ్గరే ఆగిపోతారు. ఈ వ్యాసకర్తను ఆపినవి వేరే రెండు సంగతులు. ప్రమాదం గోదావరి జిల్లాలో జరిగినా కేసు సికింద్రాబాద్‌లో నడిచింది. డాలర్లలో వచ్చే జీతాన్ని మన కోర్టులు లెక్కలోకి తీసుకున్నాయి. సెలవులకు ఊరొచ్చి దెబ్బతిన్న ప్రతి ప్రవాసికీ ఈ రెండూ పనికొస్తాయి. తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

వ్యాసకర్త ఉండేది ఇంగ్లండులో. పుట్టింది మహబూబాబాద్ పక్క పల్లెలో. ఏడాదికోసారి వచ్చినప్పుడు ఆయన తిరిగే దారులు మూడు జిల్లాల్లోనే ఉంటాయి. హైదరాబాద్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ దాటాలి. కురవి వీరభద్రస్వామిని చూడాలి. వీలైతే భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం వెళ్లి గోదావరి, ప్రాణహిత కలిసే చోట మునగాలి. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ దారుల్లో జనం ఇసకేస్తే రాలనట్టు ఉంటారు. మామూలు రోజుల్లో కూడా భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు లారీలు, ఇసుక లారీలు వరుస కడతాయి. వాటి మధ్యలోంచే ఏడెనిమిది మందిని ఎక్కించుకున్న ఆటోలు దూరిపోతుంటాయి.

2025 మే నెల 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. వ్యాసకర్త చిన్నమ్మ కూతురు ఇంగ్లండులో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తుంది. సెలవు పెట్టి వచ్చి, పుష్కర స్నానం చేసి, ఆటోలో తిరిగి వస్తుంటే వెనక నుంచి టిప్పర్ గుద్దింది. ఆమె కుడికాలు విరిగింది. ఆటో డ్రైవర్‌కు పక్కటెముకలు చిట్లాయి. 108 వచ్చి ఇద్దరినీ తీసుకెళ్లింది. ఆమె తమ్ముడు అక్కను ప్రైవేటు ఆసుపత్రికి మార్చాడు. ఆపరేషన్ అయిన మర్నాడే వార్డు వరండాలోకి ఒక మనిషి వచ్చాడు. లాయర్ దగ్గర పనిచేస్తానన్నాడు. “తమ్మీ, ముందుగాల ఒక్క పైస ఇయ్యకు. కేసు గెలిచినంక వచ్చిన పైసలల్ల మాకు ముప్పై శాతం. గిక్కడ సంతకం పెట్టియ్యమను అక్కను” అని కాగితాలు చాపాడు. వాటిలో సగం ఖాళీ కాగితాలు.

ఇంగ్లండులో బతికేవాళ్లకు ఈ మాట వింతగా అనిపించదు. అక్కడ గెలిస్తేనే ఫీజు అనే పద్ధతి చట్టబద్ధం. శరీరానికి తగిలిన దెబ్బల కేసుల్లో, 2013 నుంచి లాయర్ గెలుపు ఫీజు కింద పరిహారంలో పాతిక శాతానికి మించి తీసుకోకూడదు. రాబోయే కాలపు వైద్యం కోసం, పోబోయే జీతం కోసం ఇచ్చిన సొమ్ము మీద చెయ్యి వేయకూడదు. మన దేశంలో అలా కాదు. గెలుపోటములతో ముడిపెట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన దాంట్లో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. 1954లోనే సుప్రీంకోర్టు ఒక సీనియర్ న్యాయవాది విషయంలో దీన్ని వృత్తికి తగని పని అని తేల్చింది. నిషేధం ఉన్నా పర్సంటేజీ బేరం సాగుతూనే ఉంది. చట్టం ఒప్పుకోని బేరం కాబట్టి దానికి పరిమితి లేదు, రసీదు లేదు, అన్యాయం జరిగితే చూపించడానికి రాత లేదు. చేతిలో పైసా లేని ఆటో డ్రైవర్ కుటుంబానికి కోర్టు ముఖం చూపించింది ఆ బేరమేనన్న మాట నిజమే. అలాంటి కుటుంబానికి అంతకంటే మంచి దారి అదే ఊళ్లో ఉంటే, అది చెప్పకపోవడం ద్రోహం.

ఆ దారి ఉంది. 1987లో చేసి 1995 నవంబరు 9 నుంచి అమలుచేస్తున్న న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చదివితే, వ్యాసకర్త చెల్లెలికి ఉచితంగా లాయర్ దొరకడానికి ఆమె స్త్రీ కావడమొక్కటే చాలు. జీతం ఎంత, ఏ దేశంలో ఉంటుంది అన్న ప్రశ్న స్త్రీల విషయంలో లేదు. పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వైకల్యం ఉన్నవాళ్లకు కూడా ఆదాయ పరిమితి లేదు. ఆ సెక్షన్ పేర్కొన్న ఇలాంటి వర్గాల్లో లేనివాళ్లకు వార్షికాదాయం ప్రభుత్వం పెట్టిన హద్దులోపు ఉండాలి. మహబూబాబాద్ జిల్లాలో లంబాడా తండాలు, కోయ గూడేలు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకు ఈ సెక్షన్ విలువ వేరే చెప్పక్కర్లేదు. కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు, లాయర్ ఫీజు అన్నీ సంస్థే భరిస్తుంది.

2016 అక్టోబరు 11కు ముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోవే. జిల్లాలు విడిపోయాక కూడా కొన్నేళ్లు జిల్లా కోర్టు అంటే వరంగలే. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాక ఈ మూడు పట్టణాలకూ సొంత జిల్లా జడ్జి వచ్చారు, ఆ జడ్జి అధ్యక్షతన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వచ్చింది. కోర్టు ఆవరణలోకి వెళ్లి అడిగితే గది చూపిస్తారు. వెళ్లలేనివాళ్లు 15100కు ఫోన్ చేయొచ్చు. అది దేశమంతటికీ ఒకటే నంబరు, ఉచితం.

ఉచిత లాయర్ అనగానే మనవాళ్ల నొసలు ముడిపడుతుంది. ఫీజు లేనివాడు ఏం వాదిస్తాడని అనుమానం. ప్యానెల్ లాయర్లకు సంస్థ ఇచ్చే ఫీజు తక్కువే, అందరూ ఒకేలా పనిచేయరు. అయితే 2010 నాటి నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో ఆ కేసుల నడకను చూసే కమిటీ ఉండాలి. లాయర్ పట్టించుకోకపోతే సంస్థ కార్యదర్శికి రాసి మార్చమని అడగొచ్చు. ఆ కార్యదర్శి కూడా జడ్జే. వరండాలో ఖాళీ కాగితం చాపినవాడి మీద ఫిర్యాదు ఎవరికి చేయాలి? పోల్చి చూస్తే వ్యాసకర్త ఓటు ప్యానెల్ లాయర్‌కే.

ఇంగ్లండు తిరిగొచ్చి అక్కడే కేసు వేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. దీనికి పెద్ద ఉదాహరణ సర్ ఇయాన్ బ్రౌన్లీ కుటుంబం. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో పేరు మోసిన ఆచార్యుడాయన. 2010 జనవరిలో ఈజిప్టు విహారంలో, హోటల్ ద్వారా మాట్లాడుకున్న కారు ప్రమాదానికి గురై ఆయన, ఆయన కూతురు చనిపోయారు. భార్యకు గాయాలయ్యాయి. ఆమె ఇంగ్లండులో కేసు వేస్తే, అసలు ఆ కేసు వినే అధికారం ఇంగ్లండు కోర్టుకు ఉందా అన్న వాదనే రెండుసార్లు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 అక్టోబరులో ఆమె గెలిచారు. అదీ కేసు మొదలుపెట్టడానికి మాత్రమే. సర్ బిరుదున్న కుటుంబం భరించిన ఆ ఖర్చు నెలజీతం మీద బతికే మనిషికి సాధ్యం కాదు. పైగా సాధారణంగా ప్రమాదం జరిగిన దేశపు చట్టం ప్రకారమే పరిహారం లెక్క కట్టాలి. కాబట్టి భూపాలపల్లి రోడ్డు మీద తగిలిన దెబ్బకు భూపాలపల్లి కోర్టే దగ్గర. లేదా మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ఇచ్చిన వీలు ప్రకారం బాధితులు ఉండే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ వేయొచ్చు. ఆటో డ్రైవర్ భూపాలపల్లిలో వేస్తే, జనగామలో బంధువుల ఇంట్లో మంచం పట్టిన మనిషికి ఏది వీలో లాయర్‌ను అడిగి తేల్చుకోవాలి.

చిక్కంతా గడువుతోనే. 1994 నుంచి చాలాకాలం పరిహారం పిటిషన్‌కు గడువు లేదు. 2019 సవరణ ఆరు నెలల గడువు తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దీన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టులో ఉన్నాయి. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. అలాగని ధీమాగా కూర్చోవడం మంచిది కాదు. సెలవు అయిపోయి, కట్టుతోనే విమానమెక్కి, డ్యూటీలో చేరి, నొప్పితో నెలలు గడిపేసరికి ఆరు నెలలు ఇట్టే కరిగిపోతాయి.

అందుకే ఊళ్లో ఉండగానే చేయాల్సిన పనులు ఉన్నాయి. మొదటిది ఆసుపత్రి రికార్డు. రోడ్డు ప్రమాదం అని, ఏ వాహనం గుద్దిందో, ఎక్కడో రాయించాలి. తొందరలో “ఆటో మీద నుంచి పడ్డారు” అని రాస్తే బీమా కంపెనీ లాయర్ రేపు దాన్నే పట్టుకుంటాడు. వ్యాసకర్త చెల్లెలి కేస్ షీట్‌లో మొదట అలాగే ఉంది. తమ్ముడు చూసి డాక్టర్‌తో మాట్లాడి సరిచేయించాడు. రెండోది పోలీసుల కాగితాలు. 2022 నుంచి ఉన్న కొత్త నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. బాధితుల హక్కులు రాసి ఉన్న పత్రం పది రోజుల్లో బాధితుల చేతికివ్వాలి. ఆ నివేదికనే పరిహారం పిటిషన్‌గా ట్రిబ్యునల్ తీసుకోవచ్చు. 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఈ నియమాలు తప్పక పాటించాలని రాష్ట్రాలకు చెప్పింది. స్టేషన్‌కు పోయి మర్యాదగా అడిగితే కాగితం కదులుతుంది, అడగకపోతే ఫైల్లోనే ఉంటుంది.

గుద్దిన బండి ఆగకుండా పోతే కూడా దారి మూసుకుపోదు. 2022 పథకం కింద మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తారు. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేని వైద్యం ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మే 5న ప్రకటించింది. పుష్కరాల నాటికి అది కొత్త. ఆసుపత్రిలో అడిగితే దాని సంగతి తమకు తెలియదన్నారు.

ఇక తిరిగి వెళ్లేవాళ్లు తమ్ముడికో, మామకో ప్రత్యేక పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి. ఊళ్లో ఉండగా నోటరీ దగ్గర రాయించుకోవడం తేలిక. మర్చిపోయి వెళ్తే భారత కాన్సులేట్‌లో గానీ, అపోస్టిల్ ముద్రతో గానీ చేయించి పంపాలి. ఆ కాగితం దేశంలోకి వచ్చాక మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు వేయించాలి. వాంగ్మూలానికి ప్రతిసారీ రావాల్సిన అవసరం లేదు. 2003లోనే సుప్రీంకోర్టు విదేశంలో ఉన్న డాక్టర్ సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చని చెప్పింది. జీతం కాగితాలు, పన్ను కాగితాలు, విదేశంలో జరిగిన ఫిజియోథెరపీ బిల్లులు జాగ్రత్త చేయాలి. దావా వేసిన నాటి మారకపు విలువ ప్రకారం వాటిని రూపాయల్లోకి మారుస్తారు.

పరిహారం లెక్కలో ఒక సూక్ష్మం ఉంది. 2010 అక్టోబరులో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేటగా చెప్పింది. మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్యం శాతం వేరు, సంపాదన ఎంత దెబ్బతింది అన్నది వేరు. కాలికి ముప్పై శాతం వైకల్యం ఉన్నా కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి నష్టం తక్కువ కావచ్చు. రోజంతా నిలబడి ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టే కేర్ వర్కర్‌కు అదే ముప్పై శాతం ఉద్యోగాన్నే తీసేయవచ్చు. ఆటో డ్రైవర్ బ్రేకు తొక్కలేకపోతే అంతే సంగతులు. ఈ మాట పిటిషన్‌లో వివరంగా రాయించాలి.

రాజీ దగ్గర తొందరపాటు ఎక్కువ కనిపిస్తుంది. జాతీయ లోక్ అదాలత్‌లో ప్రమాద కేసులు చాలా తెగుతాయి, సొమ్ము త్వరగా అందుతుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. ఇది మంచి ఏర్పాటు. కానీ లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. కాలిలో రాడ్ తీయకముందే, రెండో ఆపరేషన్ ఉందో లేదో తెలియకముందే సంతకం పెడితే మళ్లీ అడిగే వీలుండదు.

వ్యాసకర్త చెల్లెలి పిటిషన్, ఆటో డ్రైవర్ పిటిషన్ రెండూ గడువులోపే పడ్డాయి, ఇద్దరికీ న్యాయ సేవాధికార సంస్థే లాయర్‌ను ఇచ్చింది. కేసులు నడుస్తున్నాయి. ఆమె లండన్ దగ్గర్లో మళ్లీ డ్యూటీ చేస్తోంది. డ్రైవర్ ఇంకా బండి తీయలేదు. ప్రవాసులు తమ కేసు వేసేటప్పుడు అదే ప్రమాదంలో దెబ్బతిన్న స్థానికుల పేర్లు కూడా కనుక్కోవాలి. వాళ్లను వెంటబెట్టుకుని అదే గదికి తీసుకెళ్లాలి. ఈసారి ఊరొచ్చేవాళ్లు విమానం టికెట్ నంబరుతో పాటు 15100 కూడా ఫోన్‌లో పెట్టుకోండి, ఊళ్లో ఉన్న తమ్ముడి ఫోన్‌లో కూడా పెట్టించండి.