గంటలో మారే వెలుగు

మినీ ప్రాజెక్ట్‌కి క్వేజార్ తీసుకున్నానంటే మా బ్యాచ్‌లో అందరూ ఒకటే ప్రశ్న: "అది వెలిగితే మనకేంటి, ఆరితే మనకేంటి?" ప్లేస్‌మెంట్ల సీజన్లో దీనికి జవాబు చెప్పడం కష్టమే. అయినా చెప్పి చూస్తాను.

నాది 3సీ 273. కన్యారాశిలో మామూలు చుక్కలా కనిపిస్తుంది. 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటం చదివి, అది మన పాలపుంతలోది కాదని తేల్చాడు. ఇప్పటి లెక్కల్లో దాని దూరం 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే. అదే ఏడాది హార్వర్డ్‌లోని పాత ఫోటో ప్లేట్లు తిరగేస్తే, దాని వెలుగు ఏళ్ల తరబడి హెచ్చుతగ్గులవుతోందని బయటపడింది.

కొన్ని క్వేజార్లు, ముఖ్యంగా బ్లేజార్లు, గంటల్లోనే మారిపోతాయి. నన్ను పట్టేసింది ఇక్కడి లెక్కే. వెలుగు గంటలో బాగా మారిందంటే, అది వచ్చే చోటు సుమారుగా కాంతి గంటలో దాటగలిగే దూరం కంటే పెద్దది కాకూడదు. అంటే 108 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి నుంచి శని దాకా కూడా రాదు! అంత చోటు నుంచి ఒక గెలాక్సీకి పోటీ వచ్చే వెలుగు. మన వైపు దూసుకొచ్చే జెట్ ఉంటే లెక్క కాస్త సవరించాలి గానీ, సూత్రం అదే. దేనితోనూ చూడలేని సైజుని గడియారంతో కొలవడం.

కొలిచేటప్పుడు క్వేజార్‌ని ఒంటరిగా నమ్మకూడదు. అదే ఫ్రేమ్‌లో ఉన్న, వెలుగు మారని నక్షత్రాలతో పోల్చాలి. సర్ ఇచ్చిన ఒక రాత్రి ఫ్రేముల్లో వెలుగు మధ్యలో ఒక్కసారిగా పడింది. ఊపిరి బిగబట్టి పక్క నక్షత్రాలు చూశాను. అవీ అంతే పడ్డాయి. పల్చటి మబ్బు! తేడా తీస్తే మిగిలింది చదునైన గీత.

"పక్క నక్షత్రాల సంగతి రాయకురా, క్వేజార్ గ్రాఫ్ ఒక్కటే పెట్టు, అదిరిపోద్ది" అన్నాడు రూమ్మేట్. వైవాలో ఎవరూ పట్టుకోకపోవచ్చు కూడా. కానీ ఆ వెలుగు బయల్దేరేటప్పటికి భూమ్మీద చెట్టూ లేదు, జంతువూ లేదు. అంత దూరం వచ్చిన దాని మీద, నాలుగు మార్కుల కోసం అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

రిపోర్టులో రెండు గ్రాఫులూ పెట్టి, "ఈ రాత్రి, మా కొలతకు అందేంత మార్పు లేదు" అని రాశాను. మార్పు లేదని చెప్పడానికీ అంతే పని పడుతుందని అప్పుడే తెలిసింది.

వచ్చే సెమిస్టర్‌కి ఒక బ్లేజార్ ఫ్రేములు అడిగాను. ఓపికున్నవాళ్లు ఎవరైనా ఉంటే రండి, తోడు కావాలి.