రాళ్ళ చదువు

మార్చి నెలలో గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్ళివచ్చేవారు ఆ చుట్టుపక్కల రాతి క్వారీలను చూసే ఉంటారు. మేమూ ఏళ్ళ తరబడి చూశాం. నల్లరాయి, కంకర లారీలు, దుమ్ము. అంతకుమించి అక్కడేమీ లేదనుకునేవాళ్ళం. మా పెద్దమ్మాయి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదవడానికి చేరాక, ఆ నల్లరాళ్ళ నడుమ ఉన్న తెల్లటి పొరను మాకు చూపించింది.

ఆ నల్లరాయి మన ప్రాంతంలో పుట్టింది కాదట. దాదాపు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం పడమటి కనుమల వైపు భూమి నెర్రెలు విచ్చి పొంగిన లావా, సుమారు 1000 కిలోమీటర్లు పారి మన రాజమండ్రి దాకా వచ్చింది. ఒక పొంగుకూ తరువాతి పొంగుకూ మధ్య చాలాకాలం గడిచింది. ఆ ఎడంలో ఇక్కడ ఉప్పుటేర్లు, బురద, నత్తలు ఉండేవి. ఆ బురదే తెల్ల పొర అయింది. గోదావరికి అవతలి గట్టున కాతేరులోనూ ఇదే ఉంది. 2008లో గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ క్వారీల్లోని సూక్ష్మజీవుల శిలాజాలను బట్టే, ఆ లావా పెద్ద పొంగు డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరలో ముగిసిందని రాశారు.

అమ్మాయి ఒక తెల్ల గడ్డను నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, ఆరబెట్టింది. తడి కుంచె మొనతో ఏరి, సూక్ష్మదర్శినిలో చూడమంది. ఆవగింజకన్నా చిన్న జంటచిప్పలు! ఆస్ట్రకోడ్లంటారు. చిప్పలో ఉండేది గవ్వపురుగు కాదు, రొయ్యకు, పీతకు చుట్టమైన కీళ్ళకాళ్ళ జీవి.

దాని మంచం పక్క గోడమీద ఇంకో చుట్టం బొమ్మ ఉంది. పేరు అకాంథోమెరిడియాన్. పేరులోనే ముల్లు ఉంది. చైనాలోని యునాన్ రాష్ట్రంలో, చెంగ్‌జియాంగ్ దగ్గర దొరికింది. 1989లో పేరు పెట్టారు. వయసు సుమారు 51.8 కోట్ల సంవత్సరాలు. ఒళ్ళంతా కణుపులు, ప్రక్కలకు వెనక్కి తిరిగిన ముళ్ళు. రొయ్య ఒలిచేటప్పుడు తలముల్లు గుచ్చుకున్న చేతులకు దాని సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ మధ్య సి.టి. స్కాన్ తీసి, రాయి పగలగొట్టకుండానే దాని కాళ్ళు చూశారట.

"అన్ని ముళ్ళున్నదీ పోయిందా?" అని మా చిన్నవాడు అడిగాడు. అక్క వాణ్ణి వరిచేలోకి తీసుకెళ్ళి, గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి ఎండకు ఎత్తి పట్టింది. అందులో చుక్కలు చుక్కలుగా ఆస్ట్రకోడ్లు ఈదుతున్నాయి, ఇప్పటికీ.

చుట్టాలకు ఇదంతా నచ్చలేదు. "ఆడపిల్లని రాళ్ళు కొట్టడానికి పంపుతున్నారా?" అని మా ఇంటి పెద్దావిడే అడిగింది. సంబంధాలు చూసేవారూ నసుగుతున్నారు. ఎమ్మెస్సీ తరువాత పరిశోధన అంటోంది. అంటే ఇంకా కొన్నేళ్ళు. మాకూ దిగులు లేదని చెప్పం. క్వారీలో ఒంటరిగా తిరగడం ఒక భయం, డబ్బు ఒక భయం.

పోయిన వేసవిలో వెళితే, అమ్మాయి గుర్తు పెట్టుకున్న తెల్ల పొర అక్కడ లేదు. నల్లరాయి కోసం పేల్చారు. సున్నపు మట్టికి వెల లేదు కాబట్టి ప్రక్కకు తోసేశారు. ఆ కుప్పలో మధ్యాహ్నం దాకా వెతికి, ముగ్గురం కలిసి మూడు బియ్యం సంచులు నింపాం. అవి ఇప్పుడు మా మంచం కింద ఉన్నాయి. ఏ సంచి ఎక్కడిదో, ఏ రోజు తెచ్చామో మేమే అట్టముక్కల మీద రాసి కట్టాం.