నాన్న పద్మిని, పావు నూలు

మొన్నామధ్య ఆఫీసులో ఒక కుర్రాడు రెండు రోజులు ఒక బగ్ వెంటపడి, చివరికి అది తను వెతుకుతున్న ఫైల్లో లేనే లేదని తెలిసి తల పట్టుకుని కూర్చున్నాడు. వాణ్ణి వెక్కిరించే అర్హత నాకు లేదు. నేను అదే పని రెండున్నర నెలలు చేశాను. కంప్యూటర్ మీద కాదు, మా నాన్న కారు మీద.

కారంటే ప్రీమియర్ పద్మిని, 1980 మోడల్. పేరు ఏదైనా మా ఇంట్లో దాన్ని ఫియట్ అనే అనేవాళ్ళం, ఊళ్ళో అందరూ అలాగే అనేవారు. నాన్న ఎరువుల వ్యాపారం మీద దివిసీమ అంతా అందులోనే తిరిగారు. 2024 చివర్లో దాని ఇంజన్ బ్లాకు పగిలింది. అమ్మేద్దామన్నాను. ఆయన ఏమీ అనలేదు, ఆ పూట అన్నం మాత్రం సరిగ్గా తినలేదు. బొంబాయిలోనే చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది, ఇక బెజవాడలో మంచి బ్లాకు ఎక్కడ దొరుకుతుంది?

ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దారి చూపించాడు. అదే ప్రీమియర్ కంపెనీ తర్వాత రోజుల్లో 118ఎన్ఈ అని ఒక కారు చేసింది, గుర్తుందా? దానిలో ఉండేది నిస్సాన్ వాళ్ళ ఏ12 ఇంజన్, 1171 సీసీ. పద్మినిది 1089. ఆ ఇంజనూ, దాని గేరు బాక్సూ కలిపి తెచ్చి, మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేసి కూర్చోబెట్టాడు. ఆర్.టి.ఓ. అనుమతి, ఆర్.సి.లో ఇంజన్ నంబరు మార్పు వగైరాల గురించి ఇంకో టపా రాయొచ్చు, రాయను. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు పోయి కిందకొచ్చింది. కొన్న ఇంజనుకి కార్బొరేటర్ లేదు. కాబట్టి పాత పద్మిని సోలెక్స్‌నే మధ్యలో ఒక పలక పెట్టి బిగించారు. మా కథంతా ఇక్కడే మొదలైంది.

బండి స్టార్టయ్యింది. స్లో స్పీడులో బాగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఒక్క క్షణం గుటక వేసినట్టు ఆగి, తర్వాత అయిష్టంగా కదిలేది. పది కిలోమీటర్లు తిరిగితే వేడి. నాన్న ఒక్క మాటన్నారు: "ముందు కరెంటు చూడరా, తర్వాత పెట్రోలు."

"చూశాను నాన్నా, 7 డిగ్రీలుంది" అన్నాను.

నిజంగానే చూశాను. కొత్తగా టైమింగ్ లైటు కొన్నాను మరి! ఒకటో నంబరు ప్లగ్గు వైరుకి క్లిప్పు తగిలిస్తే, ఆ ప్లగ్గులో నిప్పురవ్వ పడ్డప్పుడల్లా లైటు వెలుగుతుంది. క్రాంకు పుల్లీ మీది గీత ఆ వెలుగులో కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది. పిస్టన్ పైకొసకి చేరడానికి 7 డిగ్రీలు ముందు రవ్వ పడుతోందని నా కళ్ళతో చూశాను. టికెట్ క్లోజ్ చేసేశాను. తప్పు కార్బొరేటర్లోనే ఉండాలని తీర్మానించుకుని, శని ఆదివారాలు హైదరాబాదు నుంచి వచ్చి దాన్ని ఆరుసార్లు విప్పాను. ఫ్లోట్ మట్టం మార్చాను, జెట్లు కడిగాను, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం కొత్తది వేశాను. ఏదీ తేడా చెయ్యలేదు.

(నాన్నకి చెవి మిషను పెట్టి మూడేళ్ళయింది. ఆయన ఇంజను మాట వినగలరని నేను అనుకోలేదు. ఇది ఇక్కడ ఒప్పుకోవాలి.)

ఒక ఆదివారం నేను లైటు పట్టుకుని కూర్చుంటే ఆయనొచ్చి, డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే సన్న రబ్బరు గొట్టం పీకి, చివర బొటనవేలు పెట్టి మూశారు. ఇంజను కూలబడిపోయింది. లైటు వెలుగులో గీత జారి జారి సున్నా దాటి అవతలికి పోయింది. పైకొస చేరాక 3 డిగ్రీలకి పడుతోంది రవ్వ!

ఏమిటా గొట్టం? మంట అంటుకున్న మిశ్రమం పూర్తిగా కాలడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. 800 ఆర్పీఎంలో ఒక మిల్లీసెకనుకి క్రాంకు 4.8 డిగ్రీలు తిరుగుతుంది, 3000లో 18 డిగ్రీలు. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ ఇంకా ముందే పడాలి. ఆ పని డిస్ట్రిబ్యూటర్లో (మేస్త్రీల భాషలో డెల్కో) స్ప్రింగులు కట్టిన రెండు బరువులు చేస్తాయి. అది కాక, కాలు తేలిగ్గా పెట్టి వెళ్ళేటప్పుడు మిశ్రమం పల్చగా ఉండి మెల్లగా కాలుతుంది కాబట్టి, ఇంజను పీల్చే శూన్యంతో మరి కాస్త ముందుకి జరిపే ఏర్పాటొకటి ఉంటుంది. ఆ గొట్టం దాని కోసం. చాలా కార్బొరేటర్లలో అది త్రాటిల్ పలకకి కాస్త పైనున్న రంధ్రానికి తగిలిస్తారు. అప్పుడు స్లో స్పీడులో దానికి శూన్యం అందదు. మా సోలెక్స్ మీద ఆ గొట్టానికి తగిన చోటు లేక మేస్త్రి నేరుగా మానిఫోల్డుకి తగిలించాడు. అక్కడ స్లో స్పీడులోనే శూన్యం నిండుగా ఉంటుంది. అంటే నేను చూసిన 7లో 10 డిగ్రీలు ఆ గొట్టం అరువిచ్చినవి. కాలు వేసి తొక్కగానే మానిఫోల్డులో శూన్యం పడిపోతుంది, అరువూ పోతుంది. సరిగ్గా బలం కావల్సిన క్షణంలో రవ్వ ఆలస్యం. ఆలస్యంగా కాలిన మంట ఎగ్జాస్టు దాకా పోయి వేడి పుట్టిస్తుంది. ఆరుసార్లు కార్బొరేటర్ విప్పినా లాభం ఎక్కడుంటుంది?

టైమింగ్ చూసేటప్పుడు గొట్టం పీకి మూయాలన్నది ఏ పాత పుస్తకంలోనైనా ఉంటుంది. నేను లైటు డబ్బా మీద ఉన్నది చదివి సరిపెట్టుకున్నాను.

సరే, గొట్టం మూసి 7 పెట్టాను. బండి మారిపోయింది. ఇంకాస్త పెడితే ఇంకాస్త బాగుంటుంది కదా అని 10, ఆపైన 12. పికప్ చూస్తే నాకే ముచ్చటేసింది. నాన్నకి చాలా రోజులుగా ఆ కారులో మంగళగిరి కొండెక్కి పానకాల స్వామిని చూడాలని ఉంది. మర్నాడే బయల్దేరాం.

ఘాట్ రోడ్డు మీద రెండో మలుపు దాటాక ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. "ఆపు. గవ్వలు గలగరించినట్టుంది." అద్దాలు దించి ఉన్నాయి, గాలి హోరు, నాకేమీ వినబడలేదు. ఏమీ లేదు నాన్నా, అన్నాను. "ఆపరా!" అన్నారు. చిన్నప్పుడు తప్ప ఆ గొంతు మళ్ళీ వినలేదు నేను.

ఆపాను. చల్లారాక ప్లగ్గులు విప్పాం. మూడో దాని తెల్ల పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య మెరిసే చిన్న చిన్న బొట్లు. ఆ మెరిసేది పిస్టన్ అల్యూమినియం. రవ్వ మరీ ముందు పడితే పిస్టన్ ఇంకా పైకెక్కుతుండగానే ఒత్తిడి ఎగదన్ని, కాలకుండా మిగిలిన మిశ్రమం మూలల్లో తనంతట తనే పేలుతుంది. ఇంకో రెండు మలుపులు అలాగే ఎక్కించి ఉంటే పిస్టన్‌కి చిల్లు పడేదే. సన్నటి, కీచుగా ఉండే చప్పుడు అది. వయసుతో ముందుగా పోయేవి అలాంటి చప్పుళ్ళే, చెవి మిషను పెంచి వినిపించేదీ వాటినే. ఈ సంగతి నాకు ఇంటికొచ్చాక తట్టింది.

కొండెక్కకుండానే దిగాం. ఇంటి దగ్గర డెల్కో మీదా బ్లాకు మీదా కలిపి ఒక గీత గీసి, పావు నూలు వెనక్కి తిప్పమన్నారు. నేను ఊరుకుంటానా, లెక్క వేశాను. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పావు నూలంటే దాదాపు 0.8 మిల్లీమీటర్లు. 60 మిల్లీమీటర్ల డెల్కో చుట్టూ అది ఒకటిన్నర డిగ్రీ. డెల్కో క్రాంకులో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి క్రాంకు దగ్గర 3 డిగ్రీలు. లైటు పెట్టి చూస్తే 12 కాస్తా 9 అయ్యింది.

పెట్రోలు వంతు అప్పుడొచ్చింది. ప్లగ్గులు మరీ తెల్లగా ఉన్నాయి, అంటే మిశ్రమం పల్చన. ఇంజను పెద్దదయ్యింది కాబట్టి జెట్టూ పెద్దది కావాలని మేస్త్రి వాదన. నాకలా అనిపించదు. వెంచురీలో పోయే గాలిని బట్టే పెట్రోలు వస్తుంది, గాలి పెరిగితే అదీ పెరుగుతుంది. అసలు మారింది పెట్రోలు. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసింది. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 చాలు. కలిపితే 13.5 చిల్లర. అంటే అదే గాలికి 8 శాతం దాకా ఎక్కువ ఇంధనం పోయాలి. మా మెయిన్ జెట్టు 120, అంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లు. 125 వేస్తే వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. 125 వేశాను. ప్లగ్గులు బిస్కెట్ రంగుకొచ్చాయి. పనిలో పనిగా పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ని తట్టుకునేవి మార్చాను, పాతవి వేలితో నొక్కితే జిగురు జిగురుగా ఉన్నాయి.

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి అద్దాలు ఎత్తి, ఇద్దరం మాట్లాడకుండా చెవులు రిక్కించి కూర్చున్నాం. గవ్వల చప్పుడు లేదు. దర్శనమయ్యి కిందకి దిగాక, చదును రోడ్డు మీద కాసేపు తను నడుపుతానన్నారు. గేరు మార్చాల్సొచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి స్టీరింగు పక్కకే పోయింది. అక్కడేమీ లేదు. ఒక్క క్షణం గాలిలో ఆగి, కిందకి దిగేది.

నాన్న కారు కొన్నప్పట్నుంచీ ఒక డైరీ రాస్తున్నారు, పోయించిన పెట్రోలు, తిరిగిన కిలోమీటర్లు, చేయించిన రిపేర్లు. ఆ రాత్రి బల్ల మీద ఉంటే చూశాను: "మంగళగిరి. కొండ రెండో గేర్లో ఎక్కింది. డెల్కో పావు నూలు వెనక్కి. జెట్టు 125. చెవి మిషను బాటరీలు కొనాలి."