తాబేలుకు కలుపు సాగు

ఇంగ్లండులో డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. కబుర్లకు ఇంతకంటే మంచి వేళ ఏముంటుంది? ఇలా హీటరు దగ్గరికి జరిగి కూర్చోండి, టీ తెస్తాను. ఆ మూలనున్న చిన్న ఫ్రిజ్ మాత్రం తెరవకండి. అందులో పాలూ పెరుగూ లేవు, మా తాబేలు నిద్రపోతోంది. కంగారు పడకండి. మధ్యధరా ప్రాంతపు తాబేళ్లు చలికాలమంతా మట్టిలోకి దూరి నిద్రపోతాయి. ఇక్కడి పెరట్లో వదిలేద్దామంటే ఈ దేశపు చలిని నమ్మలేం. ఒక వారం గడ్డ కట్టిస్తుంది, మరో వారం నులివెచ్చగా ఉండి నిద్ర చెడగొడుతుంది. అందుకే ఇక్కడ తాబేళ్లు పెంచేవాళ్లలో చాలామంది విడిగా ఒక ఫ్రిజ్ పెట్టి, 5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచి, గాలి ఆడేలా తరచూ తలుపు తీసి మూస్తూ, తూకం మరీ తగ్గకుండా చూసుకుంటారు.

అది నిద్రపోతున్నప్పుడే నేను దాని తిండి సంగతి ఆలోచించుకోవాలి. లేవగానే ఏం పెట్టాలి? మా ఇంటికొచ్చే చుట్టాలందరి దగ్గరా దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘‘క్యారెట్ తురిమి పెట్టరాదూ’’ అంటుంది పిన్ని. ‘‘అరటిపండు ముక్క వెయ్యండి, ఎంత ఇష్టంగా తింటుందో’’ అంటారు బాబాయి. ప్రేమతో చెప్పే మాటలే. ఇష్టంగా తింటుందన్నదీ నిజమే. కానీ ఆ ఇష్టమే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

మాది హెర్మన్ తాబేలు. ఇటలీ, గ్రీసు, బాల్కన్ దేశాల ఎండ వాలుల్లో, రాళ్ల సందుల్లో మొలిచే ఆకులూ పూలూ తిని బతికే జాతి. దాని పెద్దపేగులో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి అరిగిస్తాయి. పండ్లలోని చక్కెర అక్కడికి చేరితే వాటి పని చెడి విరేచనాలు పట్టుకుంటాయి. ఇక డిప్ప సంగతి. అది ఎముకే కాబట్టి కాల్షియం కావాలి. ఆహారంలో కాల్షియం భాస్వరానికి కనీసం రెండింతలుండాలి. టమాటాలో అది తలకిందులుగా ఉంటుంది, భాస్వరమే కాల్షియానికి రెండింతలు. సూపర్‌మార్కెట్లో దొరికే ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నూటికి 95 పాళ్లు నీళ్లే. పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం దాన్ని ఒంటికి అందనివ్వదు. మరి ఇక్కడి ప్రతి పచ్చికలోనూ పసుప్పచ్చగా పూసే డాండెలయన్ చూడండి. 100 గ్రాముల ఆకులో 187 మిల్లీగ్రాముల కాల్షియం, 66 మిల్లీగ్రాముల భాస్వరం. ఇక్కడివాళ్లు మందు కొట్టి చంపే ఆ మొక్కలోనే తాబేలుకు కావలసిన పాళ్లు కుదిరి ఉన్నాయి. అయితే ఎండగానీ, ఎండకు బదులు పెట్టే యూవీబీ దీపంగానీ లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఎముకకు పట్టదు. ఆ దీపం కొనడంలో పొదుపు చేయకండి.

ఇక్కడ కొందరు తెలుగువాళ్లు పిల్లల కోసం హార్స్‌ఫీల్డ్ తాబేలు కొంటున్నారు. మధ్య ఆసియా మైదానాల జాతి అది. 1968 సెప్టెంబరులో సోవియట్ నౌక జోండ్-5లో చంద్రుణ్ణి చుట్టి, ప్రాణాలతో తిరిగొచ్చి, మన హిందూ మహాసముద్రంలో దిగినవి ఈ జాతివే రెండు. సొంత నేల మీద అది వసంతంలో కొద్ది నెలలే ఆకు తింటుంది. ఎండకూ చలికీ మిగతా కాలమంతా బొరియలోనే. అంత పొదుపైన ఒంటికి ఏడాది పొడుగునా పండ్లూ కూరగాయలూ మేపడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

సరే, కలుపు మొక్కలే కావాలంటే రోడ్డు పక్కన బోలెడు, పెంచడం ఎందుకు అంటారేమో. రోడ్డు పక్కన మున్సిపాలిటీ వాళ్లు కలుపు మందు కొడతారు, కుక్కలు తిరుగుతాయి, బండ్ల పొగ ఆకు మీద పేరుకుంటుంది. పైగా బటర్‌కప్, ఫాక్స్‌గ్లవ్, రాగ్‌వర్ట్ లాంటి విషపు మొక్కలు లేతగా ఉన్నప్పుడు ఆకు చూసి పోల్చుకోవడం కొత్తవాళ్లకు కష్టం. నర్సరీలో కొన్న పూల మొక్కల్లోనూ పురుగుమందు వేరు నుంచి ఆకు దాకా ఎక్కి ఉంటుంది. మన చేత్తో గింజ వేసి మొలిపించిన దాంట్లో ఏముందో మనకు తెలుసు. నేను సాగు చేసేది ఆ భరోసా కోసమే.

పని చాలా సులువు. అపార్టుమెంటు బాల్కనీలో మెంతికూర వేసుకున్నట్టే అనుకోండి. పాత గిన్నెల టబ్బు ఒకటి తీసుకుని అడుగున బెజ్జాలు పెట్టండి. లోతు ఓ జానెడు ఉంటే మంచిది, ఎందుకంటే డాండెలయన్ తల్లివేరు నిటారుగా కిందికి దిగుతుంది. మట్టి విషయంలో మాత్రం కాస్త పట్టుదలగా ఉండండి. బజారు కంపోస్టులో రసాయన ఎరువు గుళికలు, తెల్లటి పెర్లైట్ పలుకులు కలుపుతారు. తాబేలు ఆకుతో పాటు వాటినీ మింగేస్తుంది. ఎరువు కలపని మామూలు తోటమట్టి మేలు. ఈ మొక్కలకు బలమైన నేల అక్కర్లేదు, అవి పుట్టిందే బీద నేలల్లో.

డాండెలయన్ గింజ పూడ్చకూడదు. దానికి వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. తడి మట్టి మీద పలచగా చల్లి అరచేత్తో అదిమితే చాలు. వారం పదిరోజుల్లో మొలకలు కనిపిస్తాయి, కొన్ని మూడు వారాలు కూడా తీసుకుంటాయి. దాని పక్క టబ్బులో రిబ్‌వర్ట్ ప్లాంటెయిన్ వేస్తాను. మన ఇళ్లలో మలబద్ధకానికి నీళ్లలో కలుపుకుని తాగే ఇసబ్‌గోల్ ఉంది చూశారూ, దానికి సొంత దాయాది. తడి తగిలితే దీని గింజా అలాగే జిగురు కడుతుంది. పీచు మెండు, తెంపిన కొద్దీ చిగురిస్తుంది. సో థిసిల్ కూడా మంచిదే, లేత ఆకు ముందు తాబేలు ఆగలేదు. తెల్ల క్లోవర్ చిక్కుడు జాతిది, మాంసకృత్తులు ఎక్కువ, కాబట్టి చిటికెడు చాలు. వీటికి తోడు మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట వేయొచ్చు. ఒకే ఆకు రోజూ పెట్టకుండా మార్చి మార్చి వేయండి. అడవిలో అది నడుస్తూ పదిరకాలు కొరుక్కుంటూ పోతుంది మరి.

ఆకు కోయడానికి ఒక పద్ధతుంది. బయటి ఆకులే తుంచండి, నడిమి మొవ్వ ముట్టుకోకండి. మూడు టబ్బులుంటే ఒకటి మేతకు, ఒకటి తేరుకోవడానికి, ఒకటి మొలకకు, వంతుల వారీగా తిప్పుకోవచ్చు. తాబేలు తిరిగే చోటే మడి వేయాలనుకుంటే పైన గట్టి ఇనుప వల పరవండి. కన్నాల్లోంచి పైకొచ్చిన ఆకు అది కొరుక్కుంటుంది, మొవ్వా వేరూ వల కింద భద్రంగా ఉంటాయి. తాబేలు మెడ చాచి, ఆకు కొస పట్టుకుని, ముందుకాలితో తన్నిపెట్టి పీకి తినడం చూడాలి మీరు. పళ్లెంలో తరిగిపెట్టిన ఆకుతో ఆ కసరత్తు ఎక్కడిది? ముక్కు కొన అతిగా పెరగకుండా అరిగేదీ అలా కొరికి తినడం వల్లనే.

తాబేలు తిండిని, నిద్రను ఓపికగా గమనించి రాసినవాళ్లలో గిల్బర్ట్ వైట్ ముందుంటాడు. సెల్బోర్న్ అనే ఊళ్లో చర్చి మతగురువు. 1780లో మేనత్త పోతే ఆవిడ తాబేలు తిమోతీని తన తోటకు తెచ్చుకున్నాడు. 1789లో అచ్చయిన ఆయన పుస్తకంలో తిమోతీ ఎప్పుడు మట్టిలోకి దిగిందో, ఎప్పుడు పైకొచ్చిందో ఉంటుంది. దాని డిప్ప ఇప్పటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. అది ఆడదని ఆయన పోయాక గానీ తేలలేదు.

అమెరికాలో టెక్సాస్, ఆరిజోనా వైపు ఉన్న మన వాళ్లకు మరో మాట. అక్కడ అంగళ్లలో అరచేతిలో ఇమిడే సుల్కాటా పిల్లను అమ్ముతారు. సహారా అంచున పుట్టిన ఈ జాతి పెరిగి 45 కిలోలు దాటగలదు. పెరడంతా తవ్వేస్తుంది, మనకంటే ఎక్కువ కాలం బతకొచ్చు కూడా. అన్నీ ఆలోచించుకున్నాకే తెచ్చుకోండి. తెచ్చుకున్నవాళ్లకు మాత్రం మేత బాధ లేదు, దానికి ముఖ్యమైన తిండి గడ్డే. అక్కడ బెర్ముడా గ్రాస్ అని లాన్లలో వేసేది మన వినాయకుడి పూజకు తెచ్చే గరికే. మందు కొట్టని గరిక, దానితో పాటు ఎండుగడ్డి ఉంటే దాని కడుపు చల్లగా ఉంటుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న మీకు నేను చెప్పేది వేరు, దయచేసి వినండి. చిత్తూరు, అనంతపురం మెట్టపొదల్లో తిరిగే నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకుంటే డబ్బు కలిసొస్తుందని ఎవరో చెబుతారు. నమ్మకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2022 సవరణతో దాన్ని మొదటి షెడ్యూలులోకి ఎక్కించారు. 2019లో అంతర్జాతీయంగానూ దాని వ్యాపారానికి అడ్డుకట్ట పడింది. గోతాల్లో కుక్కి రైళ్లలో తరలిస్తుంటే దారిలో చచ్చేవి ఎన్నో. చూడాలని ఉంటే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడికి వెళ్లండి, ప్రాంగణంలోనే ఉంటాయి. ఎక్కడైనా బందీగా కనిపిస్తే అటవీశాఖకు ఫోన్ చేయండి. పొలం గట్టున కనిపిస్తే ముట్టుకోకుండా దాని దారిన దాన్ని పోనివ్వండి. మీరు గట్టున వదిలిపెట్టిన కలుపే దానికి మేత.

టీ చల్లారిపోతోంది, తాగండి. చట్టబద్ధంగా తాబేలును పెంచుకుంటున్నవాళ్లు ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. అది మార్చిలో లేస్తుంది, గోరువెచ్చటి నీళ్లలో స్నానమయ్యాక కొద్ది రోజుల్లోనే ఆకలి అంటుంది. డాండెలయన్ ఆకు అప్పటికి కోతకు రావాలంటే కిటికీ దగ్గర టబ్బులో గింజ జనవరి చివరికల్లా పడాలి.